సబ్‌నెట్ నోటి లెక్క: ఎనిమిది వేళ్లు చాలు

"172.19.77.140/20. ఇది ఏ నెట్‌వర్క్‌లోకి వస్తుంది?"

నా మొట్టమొదటి ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న ఇది. అంటే ఈ అడ్రస్ ఏ సబ్‌నెట్‌లోది, పెద్ద నెట్‌వర్క్‌లోంచి కోసిన ఏ ముక్కలోది అని. కాగితం అడిగి తీసుకున్నాను. 172ని బైనరీలోకి మార్చాను, 19ని మార్చాను, 77ని మార్చాను, అవసరం లేకపోయినా 140ని కూడా మార్చాను. ముప్పై రెండు ఒకట్లూ సున్నాలూ ఒక వరుస, కింద మాస్క్‌వి ఇంకో వరుస. గీత గీసి నిలువునా ఒక్కో బిట్టూ చూసుకుంటూ వచ్చాను. ఎదురుగా కూర్చున్నాయన రెండుసార్లు గడియారం చూశారు. చివరికి 172.19.72.0 అని చెప్పాను. తప్పు. మాస్క్ రాసేటప్పుడు టెన్షన్‌లో ఒక ఒకటి ఎక్కువ రాశాను. అంటే నేను చేసింది /21 లెక్క.

ఆ ఉద్యోగం రాలేదు. తర్వాత వేరేచోట చేరాను. అక్కడ ఒక సీనియర్ ఉండేవారు. ఓ రోజు స్విచ్ ముందు నిలబడి ఫోన్‌లో సబ్‌నెట్ క్యాలిక్యులేటర్ తెరుస్తుంటే వెనక నుంచి చూసి, "ఏమ్మా, వేళ్లు లేవా నీకు?" అన్నారు. ఎగతాళి అనుకున్నాను. "బొటనవేళ్లు రెండూ ముడిచెయ్యి. ఇప్పుడు ఎన్ని?" ఎనిమిది. "ఒక ఆక్టెట్‌కి (ఐపీ అడ్రస్‌లో చుక్కల మధ్య ఉండే ఒక్కో అంకె) ఎన్ని బిట్లు?" ఎనిమిది. ఆయన చెప్పింది అంతే. మిగతాది నేను ఒక నెల రోజులు బుర్ర పెట్టి నా పద్ధతిగా మార్చుకున్నాను. అదే ఇక్కడ రాస్తున్నాను. ఐపీ అడ్రస్ అంటే ఏమిటో, మాస్క్ ఎందుకో మీకు కాస్త తెలుసని అనుకుంటున్నాను.

వేళ్ల మీద పెట్టుకోవడం

కీబోర్డు మీద చేతులు పెట్టినట్టు రెండు చేతులూ ముందు పెట్టుకోండి. బొటనవేళ్లు లెక్కలోకి రావు. ఎడమచేతి చిటికెన వేలు 128. పక్కన ఉంగరం వేలు 64, మధ్య వేలు 32, చూపుడు వేలు 16. కుడిచేతికి రండి. చూపుడు వేలు 8, మధ్య వేలు 4, ఉంగరం వేలు 2, చిటికెన వేలు 1. ఎడమ నుంచి కుడికి ప్రతి అడుగుకీ సగం.

ఇక్కడ కంఠతా పట్టాల్సింది ఈ ఎనిమిది అంకెలే. మాస్క్‌లో కనిపించే 128, 192, 224, 240, 248, 252, 254, 255 విడిగా బట్టీ పట్టనక్కర్లేదు. వేలి మీది అంకెను 256లోంచి తీసేస్తే అవే వస్తాయి. ఎడమ మధ్య వేలు 32, కాబట్టి మాస్క్ 224. ఎడమ చూపుడు వేలు 16, కాబట్టి 240. కొన్నాళ్లు పోతే తీసివేత కూడా చెయ్యరు, 240 కనిపించగానే 16 అని నోటికి వచ్చేస్తుంది.

వేలి మీది అంకెను బ్లాక్ సైజు అంటాం. ఒక సబ్‌నెట్ మొదలు నుంచి తర్వాతి సబ్‌నెట్ మొదలు దాకా ఎంత దూరమో అదే బ్లాక్ సైజు. నోటి లెక్క మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

ఏ వేలు? ప్రిఫిక్స్‌లోంచి, అంటే అడ్రస్ చివర / తర్వాత ఉండే అంకెలోంచి, దానికంటే చిన్నదైన 8, 16, 24లలో పెద్దదాన్ని తీసెయ్యండి. మిగిలింది ఎన్నో వేలో చెబుతుంది. /26 అయితే 24 తీసేస్తే 2, రెండో వేలు, 64. /20 అయితే 16 తీసేస్తే 4, నాలుగో వేలు, 16. /13 అయితే 8 తీసేస్తే 5, ఐదో వేలు, 8. /5 లాంటివి ఎవరూ అడగరు కానీ, అడిగినా దేన్నీ తీసెయ్యక్కర్లేదు, ఐదో వేలే.

తీసేసిన అంకె ఏ ఆక్టెట్‌లో పని చెయ్యాలో కూడా చెప్పేస్తుంది. 24 తీసేస్తే నాలుగో ఆక్టెట్, 16 తీసేస్తే మూడోది, 8 తీసేస్తే రెండోది. నేను మొదట్లో ఎక్కువ తప్పులు చేసింది ఇక్కడే. బ్లాక్ సైజు 16 అని సరిగ్గానే చెప్పి, ఆ 16ని మూడో ఆక్టెట్‌లో కాకుండా నాలుగో దాంట్లో వాడేసేదాన్ని. అందుకే ఇప్పటికీ మనసులో "మూడులో పదహారు", "నాలుగులో అరవై నాలుగు" అని జంటగా అనుకుంటాను. ఒట్టి "పదహారు" అని ఎప్పుడూ అనుకోను.

ఎక్కం చదవడం

బ్లాక్ సైజు దొరికాక మిగిలింది బడిలో అప్పజెప్పిన ఎక్కాలే. సబ్‌నెట్లు ఎప్పుడూ బ్లాక్ సైజు గుణిజాల దగ్గరే మొదలవుతాయి. మీ అడ్రస్‌లో ఆ ఆక్టెట్ అంకె చూడండి. ఎక్కంలో దానికి సమానంగా కానీ, దాని కిందగా కానీ దగ్గర్లో ఉన్న మెట్టు ఏది? అదే నెట్‌వర్క్.

192.168.10.77/26. నాలుగులో అరవై నాలుగు. 0, 64, 128, 192. 77కి కింద మెట్టు 64. నెట్‌వర్క్ 192.168.10.64. తర్వాతి మెట్టు 128. దానికి ఒకటి తక్కువ 127, అదే బ్రాడ్‌కాస్ట్, అంటే ఆ సబ్‌నెట్‌లో అందరికీ ఒకేసారి పంపే అడ్రస్. మధ్యలో 65 నుంచి 126 దాకా మెషిన్లకి ఇవ్వొచ్చు.

ఇప్పుడు నన్ను ముంచిన ఆ ఇంటర్వ్యూ లెక్క. 172.19.77.140/20. మూడులో పదహారు. 16, 32, 48, 64, 80. 77 దాటకుండా 64 దగ్గర ఆగాలి. నెట్‌వర్క్ 172.19.64.0. తర్వాతి నెట్‌వర్క్ 172.19.80.0. దానికి ఒకటి తక్కువ 172.19.79.255, బ్రాడ్‌కాస్ట్. ఆ 140ని అసలు ముట్టుకోనే లేదు. పని చేసే ఆక్టెట్‌కి ఎడమవైపు ఉన్నవి ఉన్నట్టే దించుకోవాలి, కుడివైపు ఉన్నవి నెట్‌వర్క్‌లో సున్నాలు అవుతాయి, బ్రాడ్‌కాస్ట్‌లో 255లు అవుతాయి.

బ్రాడ్‌కాస్ట్‌ని నేరుగా వెతక్కండి. ముందు తర్వాతి నెట్‌వర్క్ చెప్పుకుని, అందులోంచి ఒకటి తగ్గించండి. మూడో ఆక్టెట్ లెక్కల్లో చాలామంది 172.19.64.255 అని చెప్పేస్తారు. 255 కనిపిస్తే బ్రాడ్‌కాస్టే అని చెయ్యి అలవాటు పడిపోయింది కాబట్టి. తర్వాతి నెట్‌వర్క్ 80.0 అని ముందే అనుకుంటే ఈ తప్పు జరగదు. ఇదే కారణంగా /20లో 172.19.70.255 అనేది మామూలు హోస్ట్ అడ్రస్. 172.19.71.0 కూడా అంతే. మెషిన్‌కి ఇవ్వొచ్చు, పనిచేస్తుంది. చివర సున్నా ఉంది కదా, ఇదెలా ఇస్తారని నాతో వాదించినవాళ్లున్నారు. ఒకప్పుడు నేనూ వాదించాను.

రెండో ఆక్టెట్ కూడా ఇదే దారి. 10.45.200.9/13. రెండులో ఎనిమిది. 40, 48. 45కి కింద 40. నెట్‌వర్క్ 10.40.0.0, తర్వాతిది 10.48.0.0, బ్రాడ్‌కాస్ట్ 10.47.255.255.

పెద్ద అంకెల దగ్గర నాలిక తడబడితే

64 ఎక్కం నాలుగు మెట్లే. 32 ఎక్కం కూడా పెద్ద కష్టం కాదు: 32, 64, 96, 128, 160, 192, 224. 16 ఎక్కం మాత్రం 240 దాకా నోటికి రావాలి: 16, 32, 48, 64, 80, 96, 112, 128, 144, 160, 176, 192, 208, 224, 240. ఇందులో 80, 160, 240 మైలురాళ్లు. మిగతావి చాలావరకు వాటికి ఒకటి రెండు మెట్లు అటో ఇటో. నేను దీన్ని మెట్లెక్కుతూ మనసులో చదివేదాన్ని, దిగేటప్పుడు వెనక్కి. వెనక్కి చదవడం రావాలి, ఎందుకంటే మనకి కావాల్సింది ఎప్పుడూ కిందమెట్టే.

8 ఎక్కాన్నీ 4 ఎక్కాన్నీ మొదటి నుంచి చదువుతూ 203 దాకా వెళ్తే తెల్లారిపోతుంది. అక్కడ 64, 128, 192 మీద నుంచి దూకాలి. చివరి ఆక్టెట్ 203, ప్రిఫిక్స్ /29 అనుకుందాం, నాలుగులో ఎనిమిది. 203లోంచి 192 తీసేస్తే 11. పదకొండుకి కింద ఎనిమిదో ఎక్కంలో 8. 192, 8 కలిపితే 200. అంతే, నెట్‌వర్క్ 200, తర్వాతిది 208, బ్రాడ్‌కాస్ట్ 207. 192 అన్ని చిన్న బ్లాకులకీ గుణిజమే కాబట్టి దాని మీద నుంచి ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు.

/30కి ఇంకా సులువు. వంద నాలుగుతో నిశ్శేషంగా పోతుంది కాబట్టి చివరి రెండంకెలు చూస్తే చాలు. 157 అయితే 57 చూడండి, కింద 56, కాబట్టి 156. ఎనిమిదికి మాత్రం ఈ వంద కిటుకు పనికిరాదు. వంద ఎనిమిదో ఎక్కంలో లేదు, 96 తర్వాత 104. 200 ఉంది. ఈ తేడా తెలియక ఓసారి నెట్‌వర్క్ .100/29 అని డాక్యుమెంట్‌లో రాసి పంపాను. సరైనది .96/29.

బైనరీ వద్దంటున్నానా? రాయడం వద్దంటున్నాను. 203లోంచి 128 తియ్యడం, 75లోంచి 64 తియ్యడం, 11 దగ్గర ఆగి 8 తియ్యడం, ఇదంతా బైనరీయే. మాస్క్ అనేది 32 బిట్ల మీద పెట్టిన కత్తిగాటు. ఎడమవైపు నెట్‌వర్క్, కుడివైపు హోస్ట్. కుడివైపు ఆరు బిట్లు మిగిలితే వాటితో 0 నుంచి 63 దాకా లెక్కపెట్టొచ్చు, ఆ తర్వాత ఎడమవైపు ఒకటి పెరగాల్సిందే. అందుకే 64, 64గా మెట్లు. ఈ ఒక్క ముక్క అర్థమైతే బ్లాక్ సైజు ఎందుకు పనిచేస్తుందో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు. అర్థం కాకుండా వేళ్లు మాత్రం పట్టుకుంటే, అడ్రస్ కొంచెం వంకరగా అడిగేసరికి చేతులెత్తేస్తాం.

ఎంతమంది పడతారు

/24లో 256 అడ్రస్‌లు. అక్కడి నుంచి ప్రిఫిక్స్ ఒకటి తగ్గితే రెట్టింపు, ఒకటి పెరిగితే సగం. /23 అంటే 512, /22 అంటే 1024. ఈ 1024 దగ్గర ఒక మేకు కొట్టుకోండి, పైకీ కిందికీ అక్కడి నుంచి వెళ్లడం తేలిక. /20 అంటే 4096. మూడో ఆక్టెట్ అయితే బ్లాక్ సైజుని 256తో గుణించినా అదే: పదహారు 256లు 4096.

అందులోంచి రెండు తియ్యాలి. మొదటిది నెట్‌వర్క్ పేరు, చివరిది బ్రాడ్‌కాస్ట్. సిస్కో రౌటర్ ఇంటర్‌ఫేస్‌కి 192.168.10.64ని /26తో ఇచ్చి చూడండి, "బ్యాడ్ మాస్క్" అని తిప్పికొడుతుంది. తప్పు మాస్క్‌లో లేదు, మెట్టు అడ్రస్‌ని మెషిన్‌కి ఇవ్వబోవడంలో ఉంది. మొదటిసారి ఆ సందేశం చూసినప్పుడు మాస్క్‌నే పదిసార్లు మార్చి టైప్ చేశాను.

రెండు తియ్యకూడని చోటు ఒకటుంది. రెండు రౌటర్ల మధ్య లింక్‌కి /31 వాడొచ్చని 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ నియమాల పత్రం) 3021 చెప్పింది. అందులో ఉన్న రెండు అడ్రస్‌లూ వాడుకోవచ్చు. /32 అంటే ఒకే ఒక్క అడ్రస్, లూప్‌బ్యాక్‌లకి (రౌటర్ లోపల ఉండే, వైరు లేని ఇంటర్‌ఫేస్‌లు) పెడతాం. క్లౌడ్‌లో పనిచేసేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ప్రతి సబ్‌నెట్‌లోంచి రెండు కాదు, ఐదు అడ్రస్‌లు పక్కన పెట్టేస్తారు. అక్కడ అతి చిన్న సబ్‌నెట్ /28, మీ చేతికి వచ్చేవి 11.

అడ్రస్‌లు ఎన్ని కావాలో చెప్పి ప్రిఫిక్స్ అడిగితే వెనక నుంచి రావాలి. యాభై మెషిన్లు. యాభైకి రెండు కలిపితే 52. దాన్ని మింగే వేలు ఏది? 64, రెండో వేలు, /26. ఇక్కడ నేను తిన్న దెబ్బ ఒకటి చెబుతాను. ఒక ట్రైనింగ్ గదికి 30 కంప్యూటర్లు అన్నారు. 30కి రెండు కలిపితే 32, సరిగ్గా సరిపోయింది కదా అని /27 ఇచ్చేసి సంబరపడ్డాను. శిక్షణ మొదలైన పొద్దున ఇరవై తొమ్మిది మెషిన్లు లేచాయి. ముప్పయ్యోదానికి అడ్రస్ రాలేదు. గేట్‌వే! ఆ ముప్పైలోంచే గేట్‌వేకీ, అంటే బయటికి దారి చూపే రౌటర్‌కీ, ఒకటి పోతుంది. అప్పటి నుంచి నేను కలిపేది రెండు కాదు, మూడు. ఆ మీదట, రేపు ఎవరో ఒక ప్రింటర్ తెస్తారని ఇంకాస్త కలుపుతాను.

మాస్క్ నుంచి ప్రిఫిక్స్‌కి రావడం ఒక్క వాక్యం పని. 255.255.248.0. 248ని 256లోంచి తీస్తే 8, ఎనిమిది ఉన్నది ఐదో వేలి మీద, ముందు రెండు నిండు ఆక్టెట్లు 16, మొత్తం /21.

ప్రింటర్ కథ

సబ్‌నెట్ లెక్క ఇంటర్వ్యూల కోసమే అనుకునేవాళ్లకి ఇది. ఒకరి మెషిన్‌లో ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తోంది, మెయిల్ వస్తోంది, ప్రింట్ మాత్రం పోవట్లేదు. మెషిన్ 192.168.10.70, గేట్‌వే 192.168.10.65, ప్రింటర్ 192.168.10.130. ప్లాన్ ప్రకారం అన్నీ /26. కేబుల్ మార్చాను. స్విచ్ పోర్ట్ మార్చాను. ప్రింటర్ ఆపి మళ్లీ పెట్టాను. పక్క మెషిన్ నుంచి ప్రింట్ పోతోంది. రెండు గంటలు గడిచాయి.

చివరికి ఆ మెషిన్ సెట్టింగ్స్ తెరిస్తే మాస్క్ 255.255.255.0 అని ఉంది. చేత్తో పెట్టిన అడ్రస్, చెయ్యి అలవాటుగా కొట్టేసిన మాస్క్. ఇప్పుడు లెక్క చూడండి. /26 ప్రకారం 70 ఉన్నది 64 మెట్టు మీద, 130 ఉన్నది 128 మెట్టు మీద. ఇద్దరివీ వేరే సబ్‌నెట్లు, మధ్యలో గేట్‌వే ఉండాలి. కానీ /24 పెట్టుకున్న మెషిన్ దృష్టిలో 130 పక్కింటివాడే. కాబట్టి గేట్‌వేకి పంపకుండా నేరుగా "130 ఎవరు?" అని ఏఆర్‌పీతో (ఐపీ అడ్రస్‌ని బట్టి మెషిన్ హార్డ్‌వేర్ అడ్రస్ కనుక్కునే పద్ధతి) కేకేస్తుంది. ఆ వైర్ మీద 130 లేడు, ఎవరూ పలకరు. ఇంటర్నెట్ అడ్రస్‌లు ఎలా చూసినా బయటివే కాబట్టి అవి గేట్‌వేకే పోతాయి, బాగానే పనిచేస్తాయి. రౌటర్‌లో ప్రాక్సీ ఏఆర్‌పీ ఆన్‌లో ఉంటే రౌటరే 130 తరఫున పలికి ఈ తప్పుని కప్పేస్తుంది, అప్పుడిక పట్టుకోవడం ఇంకా కష్టం.

రెండు అడ్రస్‌లు ఒకే సబ్‌నెట్‌లో ఉన్నాయా అన్నది నోటి లెక్కతో రెండు సెకన్ల పని. రెండూ ఒకే మెట్టు మీద ఉన్నాయా, అంతే. బయట అన్నీ పనిచేస్తూ దగ్గర్లోది ఒక్కటి పనిచెయ్యకపోతే ఇప్పుడు నేను కేబుల్ ముట్టుకోను, ముందు మాస్క్ చూస్తాను.

ఒక ముక్కని పంచడం

పంపకం లెక్కలో ఒకే నియమం: పెద్దవాళ్లకి ముందు వడ్డించాలి. 10.60.8.0/22 ఇచ్చారు. మూడులో నాలుగు, అంటే 8.0 నుంచి 11.255 దాకా మనది. ఇందులో 400 మందికి ఒకటి, 180కి ఒకటి, 55కి ఒకటి, 20కి ఒకటి, రెండు రౌటర్ లింకులు కావాలి.

400ని మింగేది 512, /23. 10.60.8.0/23, ఇది 9.255 దాకా తినేస్తుంది. 180కి 256, /24. 10.60.10.0/24. 55కి 64, /26. 10.60.11.0/26, ఇది 63 దాకా. 20కి 32, /27. 10.60.11.64/27, ఇది 95 దాకా. లింకులకి 10.60.11.96/30, 10.60.11.100/30. ఇక 104 నుంచి 255 దాకా ఖాళీ. ఆ ఖాళీని కూడా మెట్ల ప్రకారం చదవండి: .104/29, .112/28, .128/25.

చిన్నవాటిని ముందు పెడితే ఏమవుతుంది? ఆ 20 మందిని ముందే 11.0/27లో కూర్చోబెట్టారనుకోండి. 64 బ్లాక్ 32 దగ్గర మొదలు కాలేదు, 64 దాకా ఆగాలి. 32 నుంచి 63 దాకా కన్నం పడుతుంది. ఆ కన్నంలో తర్వాత ఏదో ఒకటి పెట్టొచ్చు, నిజమే. కానీ ఇలాంటి కన్నాలు నాలుగైదు అయ్యాక ఒక పెద్ద బ్లాక్ అడిగితే, మొత్తం చోటు ఉండీ ఇవ్వలేని పరిస్థితి వస్తుంది.

చాలా సబ్‌నెట్లని కలిపి ఒకే రూట్‌గా (రౌటర్‌కి చెప్పే దారి) చెప్పడం దీనికి తిరగేసిన లెక్క. ఎన్ని ఉన్నాయో ఒకటే చూస్తే చాలదు, ఎక్కడ మొదలయ్యాయో చూడాలి. 10.8.16.0/24 నుంచి 10.8.23.0/24 దాకా ఎనిమిది, 16 ఎనిమిదో ఎక్కంలో ఉంది, కాబట్టి 10.8.16.0/21 అని ఒక్కమాటలో చెప్పొచ్చు. 10.8.20.0 నుంచి 10.8.27.0 దాకా కూడా ఎనిమిదే, కానీ 20 ఎనిమిదో ఎక్కంలో లేదు. నాలుగో ఎక్కంలో ఉంది. కాబట్టి రెండు /22లు: 20.0, 24.0. ఇక్కడ కళ్లు మూసుకుని /21 పెడితే అది నిజానికి 16 నుంచి 23 దాకా పోతుంది. మనవి కానివి నాలుగు లోపలికొస్తాయి, మనవి నాలుగు బయటే ఉండిపోతాయి.

యాక్సెస్ లిస్టుల్లో (ఎవరిని పోనివ్వాలో రౌటర్‌కి చెప్పే జాబితాలు) అడిగే వైల్డ్‌కార్డ్‌కి, అంటే తిరగేసిన మాస్క్‌కి, వేరే పద్ధతి అక్కర్లేదు. బ్లాక్ సైజులోంచి ఒకటి తియ్యండి. /20కి 0.0.15.255.

అందరికీ తెలిసిన అంకెల మీద పరీక్షించుకోండి

1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 ప్రైవేట్ అడ్రస్‌లు మూడు చెబుతుంది: 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16. మధ్యదాన్ని వేళ్ల మీద పెట్టండి. రెండులో పదహారు. 16 నుంచి 31 దాకా. కాబట్టి 172.31 ప్రైవేట్, 172.32 కాదు. 172తో మొదలైనవన్నీ లోపలివే అనుకుని ఫైర్‌వాల్‌లో రూల్ రాసినవాళ్లని చూశాను. సర్వీస్ ప్రొవైడర్లు లోపల వాడుకునే 100.64.0.0/10 కూడా చూడండి. రెండులో అరవై నాలుగు, 64 నుంచి 127 దాకా. 100.128 నుంచి బయటిది.

పాత పుస్తకాలతో నేర్చుకుంటే ఒక తికమక వస్తుంది. క్లాస్ ఏ, బీ, సీ అని మొదలుపెట్టి, సబ్‌నెట్ల సంఖ్యలోంచి కూడా రెండు తియ్యమంటాయి. 1993లో సీఐడీఆర్ (క్లాసులు లేకుండా ప్రిఫిక్స్‌తో అడ్రస్‌లు పంచే పద్ధతి) వచ్చాక క్లాసుల పని అయిపోయింది. హోస్టుల్లోంచి రెండు తియ్యండి, సబ్‌నెట్లలోంచి ఏమీ తియ్యక్కర్లేదు. మాటల్లో మాత్రం /24ని ఇప్పటికీ "క్లాస్ సీ" అనేవాళ్లుంటారు. అర్థం చేసుకుని వదిలెయ్యండి.

సాధన ఎలా

నేను మొదటి వారం నాలుగో ఆక్టెట్ తప్ప ఏదీ ముట్టుకోలేదు. /25 నుంచి /30 దాకా. రెండో వారం /17 నుంచి /23. రెండో ఆక్టెట్‌కి రెండు రోజులు చాలు, అప్పటికి ఎక్కాలు వచ్చేసి ఉంటాయి. రోజుకి పది లెక్కలు, అంతకంటే ఎక్కువ చేస్తే విసుగొస్తుంది. జవాబు పైకి చెప్పాలి, ఎప్పుడూ ఒకే వరుసలో: ఏ ఆక్టెట్‌లో ఎంత, నెట్‌వర్క్, తర్వాతి నెట్‌వర్క్, బ్రాడ్‌కాస్ట్. పైకి చెప్పాక మాత్రమే క్యాలిక్యులేటర్ తెరిచి సరిచూసుకోవాలి. ముందే తెరిస్తే కన్ను అటు పోతుంది, బుర్ర పని చెయ్యదు. మొదట్లో ఒక్కో లెక్కకి నలభై సెకన్లు పట్టేది. నెల తిరిగేసరికి పది సెకన్ల లోపుకి వచ్చింది.

లైవ్ నెట్‌వర్క్‌లో మార్పు చేసేటప్పుడు మాత్రం నేను ఇప్పటికీ క్యాలిక్యులేటర్‌తో సరిచూసుకుంటాను. ఇందులో సిగ్గేమీ లేదు. నోట్లో ఉన్న జవాబుకీ తెరమీది జవాబుకీ తేడా వస్తే, ఎక్కువసార్లు తప్పు నాదే, ప్రిఫిక్స్ తప్పు చదివి ఉంటాను.

నాలుగు లెక్కలు ఇస్తున్నాను. వేళ్లు మాత్రమే వాడండి: 192.168.33.219/29, 10.1.98.6/21, 172.30.141.0/18, 10.255.255.254/11.

మొదటిది: నాలుగులో ఎనిమిది. 219లోంచి 192 పోతే 27, కింద 24, కాబట్టి 216. తర్వాతిది 224, బ్రాడ్‌కాస్ట్ 223. రెండోది: మూడులో ఎనిమిది, 96. నెట్‌వర్క్ 10.1.96.0, బ్రాడ్‌కాస్ట్ 10.1.103.255. మూడోది: మూడులో అరవై నాలుగు, 128. నెట్‌వర్క్ 172.30.128.0, బ్రాడ్‌కాస్ట్ 172.30.191.255, ఇచ్చిన అడ్రస్ చివర సున్నా ఉన్నా అది మామూలు హోస్టే. నాలుగోది: రెండులో ముప్పై రెండు, 224. నెట్‌వర్క్ 10.224.0.0. తర్వాతి మెట్టు 256 అవుతుంది, అంటే ఆక్టెట్ పొంగి 11.0.0.0 వస్తుంది, దానికి ఒకటి తక్కువ 10.255.255.255 బ్రాడ్‌కాస్ట్. ఇచ్చినది దానికి ఒక్కటే తక్కువ, ఆ సబ్‌నెట్‌లో మెషిన్‌కి ఇవ్వగలిగిన ఆఖరి అడ్రస్.